నల్లరాతి ఇంటి పిడికిలి

హనోయ్,
24 నవంబర్ 2003.

జెఫెరీనో మామయ్యకి,

మీ చెయ్యి ముద్దు పెట్టుకుని మీ మేనల్లుడు అబీలియో రాస్తున్నాను. విమానంలో కక్కుకోలేదు. ముందు ఈ మాట రోసలీనా వదినకి చెప్పండి. నేను కక్కుకుంటానని ఊరంతటితో పందెం కాసింది కదా.

ఇక్కడ చలి మామయ్యా. పటంలో ఈ వియత్నాం మనకి నాలుగు వేళ్ళ దూరంలోనే కనిపించిందని మా జట్టులో ఎవరూ చలికోటు తెచ్చుకోలేదు. ఈ చుట్టుపక్కల దేశాలన్నిటి ఆటలు మొదలవడానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి పొద్దున్నే పరుగు, తర్వాత సాధన. అందరం తువ్వాళ్ళు కప్పుకుని పరుగెత్తుతుంటే మిగతా దేశాల వాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. చొక్కా మీద జెండా చూసి "ఏ దేశం?" అంటారు. తూర్పు తిమోర్ అంటే "ఎప్పట్నుంచీ?" అంటారు. "నిరుడు మే నెల నుంచీ" అని చెప్తే నవ్వి, చంటిపిల్లాణ్ణి తట్టినట్టు భుజం తట్టి పోతారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అలవాటైంది.

అసలు సంగతి చెప్తాను. బాక్సింగులో నలభై ఎనిమిది కిలోల బరువులో ఉన్నది ఎనిమిది మందిమే. మొదటి పోటీ ఒక్కటి గెలిస్తే చాలు, ఆ పై పోటీలో ఓడినా కంచు పతకం మెడలో పడుతుంది. మన జెండా కింద ఇంతవరకూ ఎవరికీ ఏ పతకమూ రాలేదు. మా జట్టువాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేస్తున్నారు: "ఒరేయ్ అబీలియో, మేమంతా జెండా మొయ్యడానికొచ్చినవాళ్ళం. కొట్టాల్సింది నువ్వే." మా కోచ్ జుస్తీనో అయితే దేశగీతం క్యాసెట్టు తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. "అది బంగారానికి కదా వేసేది?" అన్నాను. "నోర్మూసుకుని గుద్దు," అన్నాడు.

మన ఇంటి నల్లరాతి దగ్గర తాతలకి నా పేరు చెప్పి రెండు మాటలు చెప్పండి. జవాబు మలియానా పట్నంలో శాంతి కాపలాకి వచ్చిన ఆ ఫిలిప్పీన్స్ పోలీసాయనకిస్తే ఫ్యాక్సులో వేస్తానన్నాడు. ఆయనకి మన కెమాక్ భాష రాదు కనుక గుట్టు బయటపడదు.

మీ అల్లుడు,
అబీలియో.


మరోబో కొండ,
29 నవంబర్ 2003.

అల్లుడా అబీలియో,

నీ ఉత్తరం రోసలీనా మూడుసార్లు చదివించుకుంది. పందెం ఓడిపోయినందుకు నిన్నే తిట్టింది.

ఇక్కడ వానలు పట్టాయి. మొక్కజొన్న వేశాం. పందులు ఇప్పటికే ఒక చాలు తవ్వేశాయి. మొన్న నీ కోడిపుంజుని పొరుగువాడు పందేనికి అడిగాడు. "దాని యజమాని దేశం తరఫున పోట్లాడుతున్నాడు, పుంజు సెలవులో ఉంది" అని చెప్పి పంపేశాను.

క్యాసెట్టు సంగతి చదివి నవ్వుకున్నాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని, మీ జుస్తీనో ముందు ఆ కంచు సంగతి చూసుకుంటే బాగుంటుంది. నువ్వు మాత్రం గొప్పలు పోకు. మీ అమ్మ పోయినప్పుడు నువ్వు అన్నం ముట్టకుండా మూల కూర్చుంటే, రోసలీనా తన పళ్ళెం తెచ్చి నీ ఒళ్ళో పెట్టింది. అప్పుడామెకి పన్నెండేళ్ళు. నీ ఈ పిడికిళ్ళు ఆ కూటితో పెరిగినవి. ఇప్పుడు తనకి ఏడో నెల నడుస్తోంది. ఇంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు గనుక ఈసారి పుట్టింట్లోనే ఉంచుకున్నాను. నీళ్ళ బిందె ఎత్తనివ్వడం లేదు. ఎత్తనివ్వలేదని నాతో పోట్లాట.

రాతి దగ్గర తమలపాకులు పెట్టి నీ పేరు చెప్పాను. తాతలందరికీ వినపడేట్టు గట్టిగా చెప్పాను. వాళ్ళలో చెవిటివాళ్ళు ఎక్కువ.

నీ మామ,
జెఫెరీనో.


హనోయ్,
3 డిసెంబర్ 2003.

మామయ్యకి,

పోటీల జాబితా గోడకి అంటించారు. నాది పదో తేదీ. నాకు తగిలినవాడు ఎవరనుకున్నారు? ఇండోనేషియావాడు! జాబితా చూడగానే మావాళ్ళు ఈలలు వేశారు. బరువులెత్తే అమ్మాయి ఫిలోమెనా వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మనం విడిపోతామన్నందుకు వీళ్ళవాళ్ళు మా ఇల్లు తగలబెట్టారు చూడు, అందుకొకటి" అంది. ఇంకొకడు "మా అన్నకొకటి" అన్నాడు. ఇలా ఒక్కొక్కరూ తలా ఒక గుద్దు అప్పజెప్పారు. నాలుగు రౌండ్లు చాలవేమో.

ఇంతకంటే వింత ఇంకొకటుంది. నిన్న భోజనాల దగ్గర నేను నా మిరపకాయ పచ్చడి సీసా తీస్తే వెనకనుంచి ఎవరో "అన్నా, ఒక్క చెంచా వెయ్యవా?" అన్నారు. మన కెమాక్‌లో! తిరిగి చూస్తే వాడే, నాతో పోటీపడాల్సినవాడు. పేరు బెరే. సరిహద్దుకి అవతల, అటంబువా దగ్గరి కొండ మీద పుట్టాడట. చిన్నప్పుడే సురబయా నగరానికి వెళ్ళి అక్కడే పెరిగాడు. భాష సగం మర్చిపోయాడు. సీసాలో సగం మాత్రం తినేశాడు. "మీది ఏ ఇల్లు, ఏ వంశం?" అంటే "కొమ్ముల ఇల్లు" అన్నాడు. ఆ పేరు మీరు రాతి దగ్గర పాత కథ చెప్పేటప్పుడు వచ్చినట్టు గుర్తు. మనకి వాళ్ళు ఏమవుతారు? వియ్యాలవారా? అయితే కొంచెం మెల్లగా గుద్దుతాలెండి.

అబీలియో.


మరోబో కొండ,
5 డిసెంబర్ 2003.

అబీలియో,

ఈ ఉత్తరం ఒంటరిగా కూర్చుని చదువు.

కొమ్ముల ఇంటివాళ్ళు మనకి వియ్యాలవారు కారు. అంతకంటే దగ్గర. మా తాత కాలంలో దున్నపోతుల దగ్గర మొదలైన గొడవ ముదిరి రెండు ఇళ్ళవాళ్ళూ తలలు నరుక్కున్నారు. చివరికి నరకడానికి మగవాళ్ళు మిగలక, ఏటి ఒడ్డున కూర్చుని రెండు ఇళ్ళ పెద్దలూ ముంజేతులు కోసుకుని, తాటికల్లులో కలుపుకుని తాగారు. ఆ రోజు పెట్టుకున్న ఒట్టు ఇది: ఈ రెండిళ్ళలో ఎవడు రెండో ఇంటివాడి నెత్తురు కళ్ళచూస్తే, వాడి ఇంట్లో పుట్టబోయే బిడ్డ వెలుగు చూడదు.

నువ్వు పెరిగింది మన నల్లరాతి ఇంటి కూటితో కనుక ఈ ఒట్టు నీకూ పడుతుంది. మన ఇంట్లో ఇప్పుడు కడుపుతో ఉన్నది ఎవరో నీకు తెలుసు.

నువ్వాడే ఆటలో ముక్కూ మూతీ పగలకుండా ఉండవని నేను మలియానాలో కళ్ళారా చూశాను. ఆ తలకి కట్టే మెత్త ముక్కుకి అడ్డం రాదు. కొట్టొద్దంటే నీకూ దేశానికీ అన్యాయం చేసినవాణ్ణవుతాను. కొట్టమంటే నా కూతురికి చేసినవాణ్ణవుతాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఒక్కటే దారి ఉంది. రెండిళ్ళ మాటపెద్దలూ ఎదురెదురుగా కూర్చుని, చెరొక పుంజునీ కోసి, ఈ ఒక్క పోటీకి ఒట్టుని పక్కన పెట్టాలి. మన ఇంటి మాటపెద్దని నేనే. వాళ్ళ పెద్ద బతికే ఉన్నాడు. సంతకెళ్ళే ఆడవాళ్ళతో ఆయనకి కబురు పంపాను. రేపు తెల్లారి సరిహద్దు ఏటి దగ్గరికి బయల్దేరుతున్నాను. నా మాట అందేవరకూ ఆ పిల్లవాడి మీద చెయ్యెత్తకు.

జెఫెరీనో.


హనోయ్,
6 డిసెంబర్ 2003.

మామయ్యకి,

మీ ఫ్యాక్సు అందింది. ఒంటరిగానే చదివాను. చదివాక గోడని గుద్దాను, చేతికి కట్టు కట్టించుకోవాల్సి వచ్చింది. కోచ్ నన్ను చంపడమొక్కటే తక్కువ.

జుస్తీనోకి ఏం చెప్పమంటారు? "మా మామయ్య ఏటి ఒడ్డుకి పుంజుని తీసుకెళ్ళాడు, తిరిగొచ్చేదాకా పోటీ వాయిదా వెయ్యమనండి" అనా? నిన్న ప్రారంభోత్సవంలో మన జెండా వెనక నడిచాం. మేం కనపడగానే ఆ స్టేడియం అంతా లేచి చప్పట్లు కొట్టింది మామయ్యా. ఫిలోమెనా ఏడ్చేసింది. అంతమంది నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఒకటి అడుగుతాను, జవాబివ్వండి. తొంభై తొమ్మిదిలో అటువైపు నుంచి వచ్చినవాళ్ళు మా నాన్నని కాఫీ తోటలో నరికినప్పుడు ఈ ఒట్టు ఎక్కడ నిద్రపోయింది? వచ్చినవాళ్ళలో కొమ్ముల ఇంటివాడు ఒక్కడూ లేడని మీరు రాయి మీద చెయ్యివేసి చెప్పగలరా? మన నెత్తురు పడినప్పుడు పట్టని ఒట్టు నా గ్లవ్స్‌కి మాత్రం పడుతుందా?

బెరేని అడిగాను, ఇలా ఒట్టొకటి ఉంది తెలుసా అని. "మా అవ్వ ఏదో చెప్పేదన్నా, నేను పడుకునేవాణ్ణి" అన్నాడు. వాడు నన్ను శుభ్రంగా కొడతాడు. వాడికేం భయం లేదు. భయమంతా నాకే పంచిపెట్టారు.

నాకు తెలుసు, మీకు మీ కూతురు ముఖ్యం. ఉండాల్సిందే. నాకు మాత్రం నా తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు?

అబీలియో.


మరోబో కొండ,
9 డిసెంబర్ 2003.

అల్లుడా,

నీ ఉత్తరం నిన్న ఇంటికి వచ్చాక చదివాను. మీ నాన్నని నరికినవాళ్ళు ఏ ఇంటివాళ్ళో నాకు తెలిసి ఉంటే నాలుగేళ్ళ కిందటే చెప్పేవాణ్ణి.

ఏటి దగ్గరికి వెళ్ళాను. కాపలా సిపాయిలు కాగితం లేకుండా సరిహద్దు దాటనిచ్చేది లేదన్నారు. నిజానికి కాగితమున్నా దాటలేను. ఏరు పొంగి ఒడ్డు కోసేస్తోంది. మర్నాడు కొమ్ముల ఇంటి పెద్ద అవతలి ఒడ్డుకి వచ్చాడు. చంకలో పుంజు ఉంది. నా చంకలోనూ ఉంది. ఇద్దరం అరిచాం. నీళ్ళ హోరులో అతని నోరు కదలడం కనిపించింది గాని మాట వినపడలేదు. చివరికి చెయ్యి ఎత్తాడు. సరేనన్నాడో, కుదరదన్నాడో, ఇంటికి పొమ్మన్నాడో తెలియలేదు. నేనూ చెయ్యి ఎత్తాను. తడిసిన పుంజులతో ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం.

ఒట్టు సంగతి ఇక నువ్వు మనసులో పెట్టుకోకు. మన ఇంటికి ఇక భయపడవలసినది ఏమీ లేదు. రెండు చేతులతో కొట్టు. ముఖం మీదే కొట్టు. ఇది మామగా చెప్పే మాట, మాటపెద్దగా చెప్పే మాట కూడా.

రోసలీనా పడుకుని ఉంది. నువ్వు గెలవాలని చెప్పమంది.

జెఫెరీనో.


హనోయ్,
11 డిసెంబర్ 2003.

నా మామయ్యకి,

మీ ఉత్తరం నిన్న పొద్దున్న, పోటీకి ముందు అందింది. చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

నేను కోపంలో ఏదేదో రాశాను. దానికి మీరు నొచ్చుకుని, నా పతకం కోసం మీ కూతురి బిడ్డని పణంగా పెట్టి "కొట్టు" అన్నారు. ఒట్టు తీరలేదని మీరే రాశారు. ఏరు అడ్డమొచ్చిందని, మాటే వినపడలేదని రాశారు. ఆ కింది వరసలోనే భయం లేదన్నారు. నాకు అర్థం కాదనుకున్నారా? మీరు అబద్ధం చెప్పడం నేను చూడటం ఇదే మొదటిసారి. నాకోసం చెప్పారు. నా తరఫున ఎవరున్నారని అడిగిన నోటిని కుట్టెయ్యాలి.

అందుకని నేనొక ఉపాయం చేశాను. బరిలో దిగి మొత్తం నాలుగు రౌండ్లూ వాడి ఒంటి మీదే కొట్టాను. డొక్కలు, పొట్ట, గుండె కింద. మెడ దాటి పైకి ఒక్క గుద్దు వెయ్యలేదు. ఒంటి మీద కొడితే నొప్పి పుడుతుంది గాని నెత్తురు రాదు కదా. మొదటి రౌండు నాదే! బెరే గాలి తీసుకోలేక వంగిపోయాడు. జుస్తీనో కింద నుంచి "పైకిరా, పైకి కొట్టరా గాడిదా!" అని ఒకటే అరుపు. రెండో రౌండులో బెరేకి సంగతి అర్థమైంది. వీడు ముఖం మీద కొట్టడని చేతులు దించి పొట్ట కాచుకున్నాడు. ఇక నాకు దారేదీ? నాలుగో రౌండు చివర్లో వాడు అలిసిపోయి చుబుకం ఎత్తేశాడు. చెట్టున అందేంత ఎత్తులో మామిడిపండులా ఉంది మామయ్యా. కుడిచెయ్యి దానంతటదే లేచింది. వదిన గుర్తొచ్చింది. దించేశాను.

ఒక్క పాయింటుతో ఓడిపోయాను. పడిన నెత్తురంతా నా ముక్కుదే. వాడిది చుక్క కూడా పడలేదు. రిఫరీ వాడి చెయ్యి ఎత్తుతున్నప్పుడు వాడి ముఖం దగ్గరగా చూసి మరీ రూఢి చేసుకున్నాను.

జుస్తీనో నాతో మాట్లాడడం లేదు. క్యాసెట్టు పెట్టెలో పడేశాడు. ఫిలోమెనా నన్ను చూసి ముఖం తిప్పుకుంది. దిలీ రేడియో అతను మైకు పెట్టి, "ముఖమ్మీద ఒక్కటైనా ఎందుకు కొట్టలేదు? ఇండోనేషియావాణ్ణి చూసి భయమేసిందా?" అన్నాడు. దేశమంతా విన్నదట. ఏం చెప్పను? చెబితే మాత్రం ఎవరికి ఎక్కుతుంది? మైకు తప్పించుకుని వచ్చేశాను. నిన్నంతా ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఇప్పుడూ వస్తోంది. ఆ చుబుకం కళ్ళు మూస్తే చాలు కనిపిస్తోంది. ఒక్క గుద్దు. జన్మలో మళ్ళీ రాదు.

కానీ ఒక్క సంగతి తలుచుకుంటే అన్నం తినబుద్ధవుతోంది. పిల్లో పిల్లాడో, పెద్దయ్యాక నేను ఎవరికీ చెప్పని ఈ మాట వాళ్ళొక్కళ్ళకే చెప్తాను: "ఒరేయ్, మన దేశం మొదటి పతకం నువ్వేరా" అని. వదినకి ఇప్పుడే ఏం చెప్పకండి. మొహమాటపడుతుంది.

మీ అబీలియో.


మరోబో కొండ,
13 డిసెంబర్ 2003.

అబీలియో, నా తండ్రీ,

చావు కబురు కాగితం మీద రాయకూడదు. మన ఇంట్లో ఎవరు పోయినా మనిషి నడిచి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, తమలపాకు చేతిలో పెట్టి నోటితో చెప్పాలి. రాస్తే పోయినవాళ్ళకి దారి దొరకదంటారు. ముప్పై ఏళ్ళుగా ఈ కొండ మీద ఈ మాట అందరికీ చెప్పింది నేనే. ఇప్పుడు రాస్తున్నాను.

రోసలీనా బిడ్డ ఏడో తేదీన పోయింది. ఆడపిల్ల. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. వానకి దారి కొట్టుకుపోయి మంత్రసాని రాలేకపోయింది. ఆ సమయానికి నేను ఏటి ఒడ్డున పుంజుని చంకలో పెట్టుకుని అరుస్తున్నాను. ఎనిమిదో తేదీన ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

నీకు రాయబోయాను. ఆచారం అడ్డొచ్చింది. పోటీకి ముందు నీ గుండె చెదురుతుందని కూడా అనిపించింది. అందుకని చావు మాట ఎత్తకుండా, ఇక భయపడవలసినది ఏమీ లేదని రాశాను. అది నిజమేరా. పోవలసినది పోయాక ఇంక భయమేముంది? నువ్వు అర్థం చేసుకుంటావనుకున్నాను. అర్థం చేసుకోవడానికి నేను నీకు ఒక్క మాటైనా ఇవ్వలేదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. "బిడ్డ పోయింది" అని రెండు మాటలు రాసి ఉంటే ఆ చుబుకం నీదే. నువ్వు లేని బిడ్డని కాపాడుతూ నీ ముక్కు పగలగొట్టించుకున్నావు.

నిన్న రాతి దగ్గర కూర్చున్నాను. నెత్తురు కళ్ళచూస్తే బిడ్డ పోవాలని కదా ఒట్టు. ఏడో తేదీకి నువ్వు బరిలోనే దిగలేదు. ఎవరూ ఎవరినీ గిల్లనైనా లేదు. అయినా పోయింది. మరి నీ చేతులు నేను దేనికి కట్టేసినట్టు? తాతల్ని అడిగాను. గట్టిగానే అడిగాను. ఎవరూ పలకలేదు. నాకు కోపం వచ్చింది, ఆ తర్వాత భయం వేసింది. ఇప్పుడు ఏదీ లేదు.

ఊళ్ళో కుర్రాళ్ళు నిన్ను పిరికివాడంటున్నారు. ఒకణ్ణి చెంప మీద కొట్టాను. ఈ వయసులో నేను చెయ్యగలిగింది అంతే. నిజం చెప్పి వాళ్ళ నోరు మూయించొచ్చు. కానీ ఆ మాట గంటలో రోసలీనా చెవిన పడుతుంది.

తను లేచి కూర్చుంటోంది. జావ తాగుతోంది. రేడియోలో నీ సంగతి విన్నది. పొద్దున్న నా ముఖంలోకి చూసి, "నాన్నా, వాడు ముఖమ్మీద ఎందుకు కొట్టలేదంట? మన అబీలియో అట్టాంటోడు కాదే?" అంది. నిజం చెబితే, పోయిన తన బిడ్డ నీ పతకాన్ని కూడా తీసుకుపోయిందని జన్మంతా ఏడుస్తుంది. చెప్పకపోతే నువ్వు భయపడ్డావని నమ్ముతుంది. ఈ కొండ మీద ఎవరికి మాట తోచకపోయినా నా దగ్గరికే వస్తారు. నా కూతురు అడిగితే నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. రేపు మళ్ళీ అడుగుతుంది. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పరా.

జెఫెరీనో.